పొడుగు అలే ముందు పరిగెడుతుంది: కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో కదిలే నీళ్ళ మీద ఒక ప్రసంగ పాఠం

రికార్డింగ్ విని రాసిన పాఠం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం. తడబాట్లు తప్ప మాట మార్చలేదు.

అందరికీ కనిపిస్తోందా? ముందు వరుస పైన ఉన్న లైటు ఒకటి తీసేయండి, స్క్రీన్ మసగ్గా ఉంది. ఆఁ, చాలు. ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్నది చూసి చెప్పండి, ఇది నీళ్ళా, కాదా? చాలామంది కాదంటున్నారు. మరి ఎందుకు కాదు? రంగు బాగానే ఉంది, మెరుపు ఉంది, ఆకాశం నీడ పడుతోంది, ఎగుడుదిగుళ్ళు ఉన్నాయి. ఇదిగో, ఆపేశాను. ఇప్పుడు చెప్పండి. ఇప్పుడు నీళ్ళే కదా! ప్లే నొక్కగానే నీళ్ళు కాకుండా పోతోంది. అంటే తప్పు రంగులో లేదు, మెరుపులో లేదు. తప్పు కదలికలో ఉంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని గురించే. మనం వాటర్ మెటీరియల్, అంటే నీళ్ళ పైతలం ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగులు, చేసేటప్పుడు ఎక్కువ టైమ్ రంగు మీద పెడతాం, కదలికకి కీఫ్రేమ్, అంటే ఈ క్షణంలో విలువ ఇంత అనే గుర్తు, ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి పెట్టి వదిలేస్తాం. నన్నడిగితే ముందు కదలిక తేల్చుకుని ఆ తర్వాతే రంగు జోలికి వెళ్ళాలి.

ఇందులో నేను చేసింది చాలా మామూలు పని. ఒక ప్లేన్, అంటే చదునైన పలక, దాని మీద నాయిస్ టెక్స్చర్, అంటే లెక్కతో పుట్టే ఎగుడుదిగుళ్ళ నమూనా, దాన్ని మ్యాపింగ్ నోడ్‌తో, అంటే టెక్స్చర్ చోటు మార్చే డబ్బాతో, ఒక పక్కకి జరుపుతున్నాను. యూట్యూబ్‌లో సగం ట్యుటోరియల్స్ ఇదే చెప్తాయి. చూస్తుంటే మంచం మీద దుప్పటిని ఒక కొసన పట్టుకుని లాగుతున్నట్టు లేదూ? ముడతలన్నీ ఒకే వేగంతో, ఒకే దిక్కుకి, ఒకదానికొకటి అంటుకుని పోతున్నాయి. పెద్ద ముడతా అంతే, చిన్న ముడతా అంతే. నీళ్ళలో ఇలా ఎప్పుడూ జరగదు. ఎప్పుడూ.

సరే, జరపడం మానేద్దాం. బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో 2.81 వెర్షన్ నుంచి నాయిస్ టెక్స్చర్‌కి 4డి అని ఒకటి వచ్చింది, దాంట్లో ఎక్స్, వై, జెడ్‌లతో పాటు డబ్ల్యూ అనే నాలుగో విలువ ఉంటుంది. ఆ డబ్ల్యూని టైమ్‌తో పెంచుతున్నాను. ఇప్పుడు చూడండి. ఎక్కడికీ పోవట్లేదు, ఉన్నచోటే లేస్తోంది, ఉన్నచోటే పడుతోంది, బుడబుడలాడుతోంది. ఇదీ నీళ్ళు కాదు. గాలికి వచ్చే అలకి ఒక దిక్కుంటుంది, అది ఎక్కడి నుంచో వచ్చి ఎక్కడికో పోతుంది. దీనికి ఆ దిక్కు లేదు.

మరి ఏం చెయ్యాలి? అది చెప్పేముందు అసలు ఈ నాయిస్ ఏమిటో రెండు నిమిషాలు మాట్లాడతాను, ఎందుకంటే దాని గుణం తెలిస్తేనే దాంతో ఏం చెయ్యొచ్చో, ఏం చెయ్యలేమో తెలుస్తుంది. 1982లో వచ్చిన ట్రాన్ సినిమాకి పనిచేసినవాళ్ళలో కెన్ పెర్లిన్ ఒకరు. కంప్యూటర్ బొమ్మలన్నీ మరీ నున్నగా, యంత్రంలో పోసినట్టు ఉంటున్నాయని ఆయనకి అసంతృప్తి. ఆ అసంతృప్తిలోంచి పుట్టిందే ఈ నాయిస్. 1985లో సిగ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో పేపర్‌గా వచ్చింది, 1997లో దానికి ఆస్కార్ అకాడమీ వాళ్ళు టెక్నికల్ అవార్డు ఇచ్చారు. 2002లో ఆయనే దాన్ని ఇంకోసారి సరిచేశారు. ఇవాళ మీరు ఏ సాఫ్ట్‌వేర్ తెరిచినా ఏదో ఒక రూపంలో అది ఉంటుంది.

చాలామంది నాయిస్ అంటే పిచ్చిపిచ్చిగా వచ్చే అంకెలు అనుకుంటారు. కాదండీ. ఒక చోటు చెప్తే అది ఒక విలువ ఇస్తుంది, అదే చోటు మళ్ళీ చెప్తే మళ్ళీ అదే విలువ ఇస్తుంది, పక్క చోటు చెప్తే దానికి దగ్గర విలువే ఇస్తుంది. అంతే. ఫైల్ లేదు, పిక్సెల్ లేదు, కెమెరా ఎంత దగ్గరకి తీసుకెళ్ళినా బొమ్మ పగిలిపోదు. ఇంకో పెద్ద లాభం ఉంది, స్టూడియోలో పని చేసేవాళ్ళకి ఇది ప్రాణం. మీకు 900వ ఫ్రేమ్ కావాలంటే ముందు 899 ఫ్రేములు లెక్క కట్టక్కర్లేదు. టైమ్ ఇస్తే చాలు, ఆ క్షణంలో నీళ్ళు ఎలా ఉండాలో ఫార్ములా చెప్పేస్తుంది. సిమ్యులేషన్ అలా కాదు, నిన్నటి ఫ్రేమ్ లేకుండా ఇవాళ్టి ఫ్రేమ్ రాదు. అందుకే రెండర్ ఫార్మ్‌లో, అంటే ఫ్రేములు తయారుచేసే మెషిన్ల గుంపులో, ప్రొసీజరల్ నీళ్ళని, అంటే ఇలా ఫార్ములాతో వచ్చే నీళ్ళని, ఎన్ని మెషిన్లకైనా పంచేయొచ్చు, మధ్యలో ఒక ఫ్రేమ్ పోతే ఆ ఒక్కటే మళ్ళీ చేసుకోవచ్చు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. లోతైన నీళ్ళలో అల ఎంత వేగంగా పోతుందనేది దాని ఎత్తు మీద పెద్దగా ఆధారపడదు, పొడవు మీద ఆధారపడుతుంది. పొడవు అంటే ఒక శిఖరం నుంచి పక్క శిఖరం దాకా ఉన్న దూరం. ఫార్ములా పుస్తకాల్లో భయపెట్టేలా ఉంటుంది గానీ మనకి కావలసింది ఇంతే: పొడవు మీటర్లలో తీసుకోండి, దాని వర్గమూలం కట్టండి, 1.25తో గుణించండి. వచ్చింది సెకనుకి ఎన్ని మీటర్లో ఆ వేగం. ఇది రాసుకోండి, ఇవాళ మీరు ఒక్కటే రాసుకుని వెళ్తే ఇదే రాసుకోండి.

ఒక మీటరు అల సెకనుకి 1.25 మీటర్లు పోతుంది. 4 మీటర్ల అల 2.5 మీటర్లు పోతుంది. 100 మీటర్ల సముద్రపు అల 12.5 మీటర్లు పోతుంది, అంటే గంటకి 45 కిలోమీటర్లు. చూశారా, పొడుగు అలే ముందు పరిగెడుతుంది. చిన్న అల వెనకబడుతుంది. పొడవు నాలుగింతలైతే వేగం రెండింతలు. అల ఒకసారి లేచి, పడి, మళ్ళీ లేవడానికి పట్టే టైమ్ కూడా రెండింతలు. మీటరు అలకి 0.8 సెకను, 100 మీటర్ల అలకి 8 సెకన్లు.

ఇప్పుడు మళ్ళీ నా మొదటి నీళ్ళ దగ్గరికి రండి. నాయిస్ టెక్స్చర్‌లో డీటెయిల్ అని ఒక విలువ ఉంటుంది కదా, అది పెంచితే ఏం జరుగుతుంది? పెద్ద నాయిస్ మీద దానిలో సగం సైజుది, దాని మీద ఇంకా సగం సైజుది, అలా పొరలు పేరుస్తుంది. స్టిల్‌లో చాలా అందంగా ఉంటుంది. కానీ మీరు మ్యాపింగ్‌తో జరిపితే ఆ పొరలన్నీ కలిసి ఒకే వేగంతో జరుగుతాయి. దుప్పటి అయిపోవడానికి కారణం అదే. మనకి తెలియకుండానే మన కన్ను ఈ లెక్క కడుతుంది. ఫార్ములా చదువుకోని వాళ్ళ కన్ను కూడా కడుతుంది, చిన్నప్పటి నుంచి బకెట్లో, చెరువులో, సముద్రంలో చూసిన కన్ను కదా అది.

కాబట్టి పొరలు విడదీయాలి. చేసి చూపిస్తాను, చూస్తూ ఉండండి. ముందు ప్లేన్‌కి స్కేల్ అప్లై చెయ్యండి, కంట్రోల్ ఏ కొట్టి. ఇది మర్చిపోతే ఆబ్జెక్ట్ కోఆర్డినేట్స్‌లో మీటరు మీటరులా ఉండదు, ఆ తర్వాత మనం కట్టే లెక్కలన్నీ వృథా. తర్వాత ఒక వాల్యూ నోడ్ పెట్టి, దాంట్లో హ్యాష్ గుర్తు కొట్టి, పక్కనే ఫ్రేమ్ అని ఇంగ్లీషులో చిన్న అక్షరాలతో రాసి, 24తో భాగించండి. అది పర్పుల్ రంగులోకి మారుతుంది, అంటే డ్రైవర్ పడింది, ఆ విలువ ఇక ఫార్ములాతో నడుస్తుంది. ఇప్పుడు ఈ నోడ్ మనకి సెకన్లు ఇస్తుంది. 25 ఫ్రేములకి చేస్తుంటే 25తో భాగించండి.

ఇప్పుడు మూడు నాయిస్‌లు. ఒకటి 4 మీటర్ల అలలకి, ఒకటి మీటరు అలలకి, ఒకటి పావు మీటరు అలలకి. మూడింటికీ డీటెయిల్ సున్నా. అవును, సున్నాయే, పొరలు మనమే పేరుస్తున్నాం కాబట్టి. స్కేల్ విలువలు 0.25, 1, 4. నాయిస్‌లో శిఖరాల మధ్య దూరం ఖచ్చితంగా ఇంతే అని ఉండదు, సుమారుగా ఇది సరిపోతుంది, తర్వాత కంటితో సరిచేసుకోండి. ప్రతిదానికీ దాని సొంత మ్యాపింగ్ నోడ్. సెకన్లని వేగంతో గుణించి లొకేషన్‌లోకి పంపండి. వేగాలు 2.5, 1.25, 0.63. ఒక చిన్న జాగ్రత్త, మ్యాపింగ్ పాయింట్ మోడ్‌లో ఉంటే లొకేషన్ పెంచినకొద్దీ టెక్స్చర్ ఎదురు దిక్కుకి పోతుంది. ఎందుకంటే మీరు జరిపేది టెక్స్చర్‌ని కాదు, దాన్ని అడిగే చోటుని. అందుకని మైనస్ పెట్టండి. గాలి తూర్పుకి వీస్తుంటే అలలు పడమటికి పోతున్న రెండర్లు నేను చాలా చూశాను, దానికి కారణం ఈ మైనస్ పెట్టకపోవడమే.

ఇంకా ప్లే నొక్కకండి. ఒక మెట్టు మిగిలింది. ప్రతి పొరకీ ఒక కాపీ తీసి, ఒకదాన్ని గాలి దిక్కుకి 20 డిగ్రీలు ఎడమకి, ఇంకోదాన్ని 20 డిగ్రీలు కుడికి తిప్పండి. రెండూ కలిపి సగం చెయ్యండి. ఎందుకంటే గాలి ఒకే దిక్కుకి వీచినా అలలు అన్నీ గీత గీసినట్టు ఆ దిక్కుకే పోవు, అటూ ఇటూ విచ్చుకుని పోతాయి. రెండు పొరలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోయేచోట శిఖరం లేస్తుంది, దాటాక అది మాయమవుతుంది. డబ్ల్యూని కూడా మెల్లగా, చాలా మెల్లగా కదపండి. ఇప్పుడు ప్లే.

ఊఁ? చెప్పండి. రంగు ముట్టుకోలేదు, మెరుపు ముట్టుకోలేదు.

ఈ వేగం లెక్కలో ఇంకో సంగతి దాగి ఉంది. నీళ్ళు ఎంత పెద్దవో మనకి చెప్పేది వేగమే. పాత సినిమాల్లో సముద్ర యుద్ధాలు తీయాలంటే తొట్టిలో బొమ్మ ఓడలు పెట్టి తీసేవాళ్ళు. ఓడ ఎంత బాగా చేసినా నీళ్ళు పట్టించేసేవి, చిన్న అల గబగబా లేచి పడిపోతుంది కదా. దానికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఏమిటి? కెమెరాని వేగంగా తిప్పి, మామూలు వేగంలో చూపించడం. ఎంత వేగంగా? స్కేల్‌కి వర్గమూలం కట్టినంత. ఓడ అసలు దానిలో 16వ వంతు ఉంటే కెమెరా 4 రెట్లు, అంటే 24కి బదులు 96 ఫ్రేములు. అదే వర్గమూలం, చూశారా? మీ మెటీరియల్‌లో కూడా ఇదే జరుగుతుంది. ఒక టబ్బు కోసం చేసిన నీళ్ళని తీసుకొచ్చి, స్కేల్ మార్చి, వేగం మార్చకుండా సముద్రానికి వేస్తే ఆ సముద్రం టబ్బంత కనిపిస్తుంది. పక్కన ఎంత పెద్ద ఓడ పెట్టినా ఆ ఓడ కూడా బొమ్మలా కనిపిస్తుంది.

ఇదంతా లోతైన నీళ్ళకి. లోతు తక్కువైతే రూలు మారుతుంది, నేల అడ్డం పడుతుంది కాబట్టి. అప్పుడు వేగాన్ని లోతే తేలుస్తుంది, పది సెంటీమీటర్ల నీళ్ళలో పొడుగు అలలన్నీ సెకనుకి దాదాపు ఒక మీటరే. మీలో వైజాగ్ వాళ్ళు ఎంతమంది? ఆర్కే బీచ్‌లో చూసే ఉంటారు, గాలి ఎటు వీచినా ఒడ్డు దగ్గరకి వచ్చేసరికి అలలు దాదాపు ఒడ్డుకి వాలుగా కాకుండా సమాంతరంగానే వస్తాయి. లోతు తక్కువ ఉన్న వైపు అల నెమ్మదిస్తుంది, లోతు ఉన్న వైపు ఇంకా పరిగెడుతూ ఉంటుంది, అలా అల మొత్తం ఒడ్డు వైపు తిరుగుతుంది. బీచ్ షాట్ చేసేవాళ్ళు అలల దిక్కుని గాలితో కాదు, ఒడ్డు గీతతో కట్టండి.

ఆకారం గురించి

నాయిస్‌తో ఒక ఇబ్బంది ఉంది. దాంట్లో కొండ ఎలా ఉంటుందో లోయ అలాగే ఉంటుంది, రెండూ గుండ్రమే. నిజం అల అలా ఉండదు. పైన మొన తేలి ఉంటుంది, కింద వెడల్పుగా, సాగి ఉంటుంది. ప్రాగ్‌లో గెర్స్ట్‌నర్ అనే ఆయన 1802లోనే దీనికి లెక్క రాశారు. కంప్యూటర్ ఊసే లేని కాలం అది. ఆ లెక్కని గ్రాఫిక్స్‌లోకి 1986లో ఫోర్నియే, రీవ్స్ తీసుకొచ్చారు. దాని సారాంశం ఏమిటంటే నీటి చుక్క అలతో పాటు ముందుకి పోదు, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. చెరువులో కొబ్బరి డొక్క వేసి చూడండి. అల దాని కింద నుంచి వెళ్ళిపోతుంది, డొక్క కొంచెం ముందుకి, కొంచెం పైకి, కొంచెం వెనక్కి, కొంచెం కిందికి, మళ్ళీ అక్కడికే. పాయింట్లని పైకీ కిందికీ మాత్రమే కదిపితే సైన్ వేవ్ వస్తుంది. పక్కకి కూడా కదిపితే పాయింట్లు శిఖరం దగ్గర గుమిగూడతాయి, మొన తేలుతుంది. ఆ పక్కకి కదపడమే తేడా, అంతే.

కానీ మరీ ఎక్కువ కదిపితే? శిఖరం తన మీద తనే మడత పడుతుంది, మెష్‌లో, అంటే ఆ పాయింట్ల వలలో, ముడి పడుతుంది. అది కనిపిస్తే చాలామంది ఎత్తు తగ్గించేస్తారు. ఎత్తు తగ్గించే ముందు పక్కకి కదిపే మోతాదు తగ్గించి చూడండి. అసలు ఎత్తుకి కూడా ఒక హద్దు ఉంది, అల ఎత్తు దాని పొడవులో ఏడో వంతు దాటితే నిజం నీళ్ళలో అది విరిగిపోతుంది. అంటే 7 మీటర్ల అల మీటరు కన్నా ఎత్తు లేవదు. మన మూడు పొరల్లో 4 మీటర్ల అలకి అర మీటరు పైన పెట్టారంటే అది నిజంగా ఉండే నీళ్ళు కాదు. మామూలు గాలికి 15 సెంటీమీటర్లు చాలు. ఇక మడత పడే ఆ చోటే నురుగు వేయాల్సిన చోటు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి, నురుగు మాస్క్ వేరే నాయిస్‌తో ఎక్కడపడితే అక్కడ వేయకండి.

మెటీరియల్‌లోనే ఉండి, జామెట్రీ ముట్టుకోకుండా మొన తేల్చాలంటే ఒక చిట్కా ఉంది. నాయిస్‌ని సున్నాకి అటూ ఇటూ ఉండేలా చేసి, ఆబ్సొల్యూట్, అంటే మైనస్ గుర్తు తీసేసిన విలువ, తీసుకుని, ఒకటిలోంచి తీసేయండి. లోయలు పైకి మడతపడి సన్నని గట్లు వస్తాయి. చిన్న పొరకి ఇది సరిపోతుంది.

పెద్ద సముద్రానికి అయితే జెర్రీ టెస్సెండార్ఫ్ పద్ధతి ఉంది, 1990ల చివర నుంచి సిగ్రాఫ్ కోర్సుల్లో ఆయన చెప్పిన పాఠాలు ఇప్పటికీ అందరికీ ఆధారం. వేల అలల్ని ఎఫ్ఎఫ్‌టీ అనే వేగమైన లెక్క పద్ధతితో ఒక్కసారే కలుపుతారు, ఏ అలకి ఎంత ఎత్తు అనేది గాలి వేగం చెప్తుంది, ప్రతి అల వేగం మాత్రం మనం ఇందాక రాసుకున్న అదే వర్గమూలం. బ్లెండర్ ఓషన్ మాడిఫయర్ లోపల ఉన్నది అదే. దాంట్లో ఒకటే తంటా, ఆ ముక్క టైల్‌లా రిపీట్ అవుతుంది, డ్రోన్ షాట్‌లో గళ్ళు గళ్ళుగా తెలిసిపోతుంది. దాని మీద మన మూడు పొరల్లో పెద్దది ఒకటి కలిపితే ఆ గళ్ళు చెదిరిపోతాయి.

ఇప్పుడు రంగు

సరే, ఇక రంగుకి రావచ్చు. ట్యాంక్‌బండ్ మీద రెయిలింగ్ దగ్గర నిలబడి తిన్నగా కిందికి చూడండి. నీళ్ళ సొంత రంగు కనిపిస్తుంది, ముదురు ఆకుపచ్చ. తల ఎత్తి బుద్ధుడి విగ్రహం వైపు చూడండి. అక్కడ నీళ్ళ రంగు లేదు, ఆకాశం రంగు ఉంది. ఒకటే నీళ్ళు. చూసే కోణం మారింది, అంతే. తిన్నగా చూస్తే నీళ్ళు 2 శాతం వెలుతురే వెనక్కి కొడతాయి. తిన్నగా కిందికి చూసే గీత నుంచి 60 డిగ్రీల వాలులో చూస్తే 6 శాతం దగ్గర. 80 డిగ్రీల వాలులో మూడో వంతు దాటుతుంది, ఆ తర్వాత గబగబా పెరిగి ఇంచుమించు అద్దం అవుతుంది. ఫ్రెనెల్ అంటే ఇదే. ప్రిన్సిపుల్డ్ అనే మెటీరియల్ నోడ్‌లో ఐఓఆర్, అంటే వెలుతురు ఎంత వంగుతుందో చెప్పే అంకె, 1.33 పెడితే ఇదంతా దానంతట అదే వస్తుంది, డిఫాల్ట్ విలువ గాజుకి దగ్గర్లో ఉంటుంది, మార్చడం మర్చిపోకండి.

అందుకే బేస్ కలర్ నీలం పెట్టి నీళ్ళని నీలంగా చేసే పని మానేయండి. నీలం ఆకాశం ఇస్తుంది. ఆకాశం లేని సీన్‌లో, అంటే నల్లటి వరల్డ్‌లో నీళ్ళు చేస్తూ బాలేదు బాలేదు అనుకుంటే లాభం ఏముంది? ముందు ఒక హెచ్‌డీఆర్ఐ, అంటే చుట్టూ వెలుగునిచ్చే ఆకాశం ఫొటో, పెట్టండి. తేట నీళ్ళకి బేస్ కలర్ తెలుపు, ట్రాన్స్‌మిషన్, అంటే వెలుతురు లోపలికి దూరే మోతాదు, 1, రఫ్‌నెస్, అంటే గరుకుతనం, సున్నాకి దగ్గర, లోపల వెలుతురుని తాగేసే వాల్యూమ్ అబ్సార్ప్షన్. నీళ్ళు ముందు ఎరుపుని తాగేస్తాయి, నీలాన్ని చివరిదాకా వదిలేస్తాయి, అందుకే లోతు పెరిగేకొద్దీ నీలి ఆకుపచ్చలోకి వెళ్తుంది.

కానీ మన నదులు? జులై, ఆగస్టుల్లో గోదావరికి కొత్త నీరు వచ్చినప్పుడు చూడండి, ఎర్రగా ఉంటుంది. అది నీళ్ళు తాగేసిన రంగు కాదు, ఒండ్రు మట్టి వెనక్కి వెదజల్లిన రంగు. దానికి ట్రాన్స్‌మిషన్ పెట్టి, వాల్యూమ్ పెట్టి, రాత్రంతా రెండర్ పెట్టక్కర్లేదు. ట్రాన్స్‌మిషన్ సున్నా చెయ్యండి, బేస్ కలర్‌లో ఆ మట్టి రంగు పెట్టండి, ఐఓఆర్ 1.33 ఉంచండి, రఫ్‌నెస్ తక్కువ ఉంచండి. అంతే, పైన మెరుపు నీళ్ళది, కింద రంగు మట్టిది. చాలా తొందరగా రెండర్ అవుతుంది, నిజానికి దగ్గరగా కూడా ఉంటుంది. పోలవరం, భద్రాచలం వరద షాట్లకి గాజులాంటి నీలం నీళ్ళు వేస్తే మనవాళ్ళు ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా.

దూరంలో ఉన్న నీళ్ళ గురించి ఒక మాట, ఎందుకంటే అక్కడ అందరూ దెబ్బతింటారు. దగ్గర బాగుంటుంది, దూరంలో చుక్కలు చుక్కలుగా మిణుకుమంటుంది. ఒక పిక్సెల్‌లో వందల అలలు పడుతుంటే రెండరర్ వాటిలో ఏదో కొన్నిటిని పట్టుకుంటుంది, ప్రతి ఫ్రేమ్‌కీ వేరే కొన్ని. శాంపిల్స్, అంటే ఒక్కో పిక్సెల్‌కి వేసే కిరణాలు, పెంచుకుంటూ పోతే టైమ్ పోతుంది గానీ తీరదు. 1954లో కాక్స్, మంక్ అనే ఇద్దరు సముద్రం మీద ఎండ తళుకుని విమానం నుంచి ఫొటోలు తీసి, గాలి వేగానికి నీటి వాలు ఎంతో లెక్క తేల్చారు. సెకనుకి 5 మీటర్ల గాలికి సగటున వాలు 10 డిగ్రీల దగ్గర వస్తుంది. అంతే, పది డిగ్రీలే! మనం బంప్‌కి, అంటే ఉత్తుత్తి ఎగుడుదిగుళ్ళకి, స్ట్రెంత్ 1 పెట్టి, డిస్టెన్స్ పెంచి 40 డిగ్రీల వాలు తెస్తుంటాం. ఇక దూరానికి వచ్చేసరికి ఆ వాలుని బంప్‌తో కాకుండా రఫ్‌నెస్‌తో చెప్పాలి. కెమెరా డేటా నోడ్‌లో వ్యూ డిస్టెన్స్ తీసుకోండి, మ్యాప్ రేంజ్‌తో దూరం పెరిగేకొద్దీ బంప్ తగ్గించండి, రఫ్‌నెస్ పెంచండి. ఈ గాలికి 0.3, 0.4 దగ్గర ఆగితే సరిపోతుంది. మిణుకు పోతుంది, సాయంత్రం సూర్యుడి కింద నీళ్ళ మీద పొడుగ్గా సాగే ఆ వెలుగు బాట దానంతట అదే వస్తుంది.

పారే నీళ్ళు

వాగు, కాలువ చేసేవాళ్ళకి ఇంకో చిక్కు. రాయి దగ్గర నీళ్ళు చీలాలి, పక్కన వేగం పెరగాలి, వెనక నెమ్మదించాలి. అంటే ప్రతి చోటా దిక్కు వేరు, వేగం వేరు. నాయిస్‌ని ఆ దిక్కుల ప్రకారం జరుపుతూ పోతే కొద్ది సెకన్లకి అది సాగిపోయి గీతలు గీతలుగా చీలిపోతుంది. దీనికి మ్యాక్స్, బెకర్ 1995లో ఒక దారి చూపించారు, దాన్ని వాల్వ్ స్టూడియోలో అలెక్స్ వ్లాకోస్ ఆటల్లోకి తెచ్చి 2010లో సిగ్రాఫ్‌లో చెప్పారు. సాగిపోయే లోపే మళ్ళీ మొదటికి తెచ్చేయాలి. తెచ్చేస్తే గంతు కనిపిస్తుంది కదా? అందుకే రెండు పొరలు. ఒకటి మొదటికి వచ్చే క్షణంలో దాని బలం సున్నా ఉంటుంది, ఆ క్షణంలో రెండోది సగం దారిలో నిండు బలంతో ఉంటుంది. ఇది తగ్గుతుంటే అది పెరుగుతుంది, అది తగ్గుతుంటే ఇది. గంతు ఎప్పుడూ కనిపించదు. దిక్కులు చెప్పే ఫ్లో మ్యాప్‌ని వెర్టెక్స్ పెయింట్‌తో, అంటే మెష్ పాయింట్ల మీద రంగు వేస్తూ, చేత్తో వేసుకోవచ్చు, ఎరుపు అటూ ఇటూ, ఆకుపచ్చ ముందుకీ వెనక్కీ.

టైమ్ ఎంతుంది? పది నిమిషాలా, సరే. లూప్ గురించి అడిగారు ఇందాక, ఎల్ఈడీ వాల్ కోసం చేస్తున్నామని. పది సెకన్ల వీడియో మొదలుకీ చివరకీ అతుకు కనిపించకూడదు. ప్లేన్ మీద నాయిస్‌కి ఎక్స్, వై చాలు కదా, 4డి నాయిస్‌లో జెడ్, డబ్ల్యూ రెండూ ఖాళీ. ఆ రెండింటిలో టైమ్‌ని తిన్నగా కాకుండా వృత్తంలో తిప్పండి. జెడ్‌కి కోసైన్, డబ్ల్యూకి సైన్, పది సెకన్లకి ఒక చుట్టు. చుట్టు పూర్తయ్యేసరికి బయలుదేరిన చోటికే వస్తాం కాబట్టి మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ అతుక్కుంటాయి. వృత్తం పెద్దదైతే కదలిక వేగం, చిన్నదైతే నెమ్మది. కానీ దీంట్లో అలకి దిక్కు ఉండదు, మొదట్లో చెప్పిన బుడబుడలే. చిన్న పొరకి ఇది వాడి, పెద్ద పొరలకి సైన్ గానీ గెర్స్ట్‌నర్ అలలు గానీ వాడండి, ఒక్కో అల లేచి పడే టైమ్‌ని పది సెకన్లలో పూర్ణ సంఖ్య సార్లు పట్టేలా కొంచెం సవరించండి. 1.6 సెకన్ల అలని 1.67 చేస్తే సరిగ్గా ఆరుసార్లు పడుతుంది. ఆ తేడా ఎవరికీ కనిపించదు.

ఇంకెవరైనా? చెప్పమ్మా. వాన చినుకులు పడే గుంట, రోడ్డు మీద. మంచి ప్రశ్న, పైగా మనం చెప్పుకున్న రూలు అక్కడ తిరగబడుతుంది. ముందు ఎలా చెయ్యాలో చెప్తాను. నేలని గళ్ళుగా విడదీయండి, ఒక్కో గడిలో చినుకు ఎక్కడ పడాలి, ఎప్పుడు పడాలి అనేది వైట్ నాయిస్ టెక్స్చర్‌తో తేల్చండి. చినుకు పడిన చోటు నుంచి దూరం కట్టి, ఆ దూరంలోంచి టైమ్ తీసేసి సైన్‌లోకి పంపితే వలయాలు విచ్చుకుంటాయి. ఇంతవరకు అందరూ చేస్తారు. తేడా ఎక్కడంటే, 1.7 సెంటీమీటర్ల కన్నా పొట్టి అలల మీద బరువు కన్నా నీటి పైపొర బిగువు ఎక్కువ పనిచేస్తుంది. అక్కడ పొట్టి అలే వేగంగా పోతుంది. ఆ 1.7 సెంటీమీటర్ల అల అన్నిటికన్నా నెమ్మది, సెకనుకి 23 సెంటీమీటర్లు. అందుకని చినుకు వలయంలో సన్నటి గీతలు బయటి అంచున ముందు పోతుంటాయి, వెడల్పు గీతలు లోపల వెనకబడతాయి. కాబట్టి సైన్‌లోకి పంపే దూరాన్ని బయటికి పోయేకొద్దీ గీతలు దగ్గరయ్యేలా వంచండి, పవర్ నోడ్ ఒకటి చాలు. ఇంకోటి, వలయం వెళ్ళిపోయాక మధ్యలో నీళ్ళు నిశ్చలం అయిపోవాలి. చాలా రెండర్లలో మధ్యలో చుట్లు ఊగుతూనే ఉంటాయి, గుంట నిండా గ్రామఫోన్ రికార్డులు పరిచినట్టు కాకూడదంటే లోపలి వైపు నుంచి కూడా ఒక మాస్క్ పెట్టి, సెకనుకి 18 సెంటీమీటర్లతో ఆ మాస్క్‌ని పెంచుకుంటూ రండి. బయటి అంచుకి ఒక మాస్క్, లోపలి అంచుకి ఒక మాస్క్, మధ్యలో మాత్రమే అలలు. నోడ్స్ ఎలా కలపాలో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు ముందుకి రండి, ఇప్పుడే కూర్చుని చేసేద్దాం.